కుట్టిన గుడ్డకు గట్టిదనం

ఫ్రేములో ఉన్నంతసేపూ క్రాస్ స్టిచ్ బొమ్మ బిగువుగా, చదునుగా కనిపిస్తుంది. ఫ్రేము విప్పి ఒక్కసారి ఉతికాక చూస్తే అదే గుడ్డ మెత్తబడి చేతిలో వేలాడుతుంది, అంచులు వంకర తిరుగుతాయి. కుట్టులో లోపం వల్ల ఇలా జరగదు. కొత్త మ్యాటీ గుడ్డలో ఉండే బిరుసులో చాలా భాగం మిల్లులో పట్టించిన గంజిదే. గళ్ళు కదలకుండా ఉండాలని, సూది చిల్లులోకి తేలిగ్గా దిగాలని ఆ గంజి పెడతారు. నీళ్ళు తగలగానే అది కరిగిపోతుంది. ప్యాకెట్ల మీద అయిడా అని రాసి ఉండే గుడ్డ సంగతీ ఇంతే. 14 కౌంటు అంటే అంగుళానికి 14 గళ్ళు, 18 కౌంటు అంటే 18. కౌంటు పెరిగిన కొద్దీ గళ్ళు చిన్నవై నేత దట్టమవుతుంది. అయినా ఉతికాక తనంతట తాను నిటారుగా నిలబడే గుడ్డ వీటిలో ఏదీ లేదు.

దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. కుట్టు నిండిన చోట గుడ్డ దారం బరువుతో మందంగా, కాస్త గట్టిగా ఉంటుంది. ఖాళీగా వదిలిన చోట పలచగా ఉంటుంది. ఈ రెండూ కలిసే గీత దగ్గరే గుడ్డ ముడుచుకుంటుంది. గోడకు తగిలించే బొమ్మకు, పుస్తకంలో పెట్టుకునే గుర్తుపట్టీకి, గుమ్మానికి కట్టే తోరణానికి, చెవిదిద్దులకు, పెట్టె మూతకు ఈ ముడత ఇబ్బందే. అందుకే కుట్టు పూర్తయ్యాక గుడ్డను గట్టిపరచడం విడిగా నేర్చుకోవలసిన పని. ఇందులో అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. గట్టిదనం గుడ్డలోకే ఇంకాలా, లేక గుడ్డ వెనక వేరే వస్తువుగా ఉంటే చాలా? పండగకి వేలాడదీసే చిన్న బొమ్మకి జిగురు పట్టించినా నష్టం లేదు. నెలల తరబడి కుట్టిన పెద్ద బొమ్మలోకి మాత్రం మళ్ళీ బయటికి తీయలేనిదేదీ ఎక్కించకూడదు.

ముందు ఉతుకు, తరువాత బిరుసు

ఏ పద్ధతి ఎంచుకున్నా గుడ్డ శుభ్రంగా ఉండాలి. కుట్టేటప్పుడు వేళ్ళకుండే నూనె, చెమట గుడ్డకు అంటుతాయి. అప్పటికి కంటికి ఆనవు. వాటిపై గంజో జిగురో పట్టించి వేడి ఇస్త్రీ పెడితే మరక స్థిరపడి, కొన్నాళ్ళకు పసుపురంగులో పైకి తేలుతుంది. ఫ్రేము రింగు పడిన గుండ్రటి ముద్ర కూడా ఉతకకుండా పోదు. డిజైను గీయడానికి వాడే నీలిరంగు చెరిగే పెన్నుతో మరింత జాగ్రత్త అవసరం. ఆ గీతలు చన్నీళ్ళతో పోతాయి. నీళ్ళకంటే ముందు ఇస్త్రీ వేడి తగిలితే గోధుమరంగుకు మారి గుడ్డను వదలవు.

ఉతకడానికి చన్నీళ్ళు, సున్నితమైన ద్రవ సబ్బు చాలు. ముందుగా తడిపిన తెల్ల నూలుగుడ్డను ఎరుపు, మెరూన్, ముదురు నీలం దారాలపై ఒత్తి చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం రంగు వదులుతుందని అర్థం. నానబెట్టాక నీళ్ళలో రంగు కనిపిస్తే కంగారుపడి ఆరేయకూడదు. రంగు ఆరితేనే పక్క గుడ్డకు పట్టుకుంటుంది. నీళ్ళు తేటపడేవరకూ మారుస్తూ జాడించాలి. ఆ తర్వాత పిండకుండా, టవలు మీద పరిచి టవలుతో సహా చుట్టి ఒత్తితే తడి టవల్లోకి వెళ్తుంది.

కాస్త తేమ మిగిలి ఉండగానే గుడ్డను చదును చేయాలి. థర్మకోల్ పలక మీద టవలు పరిచి, దానిపై గుడ్డను పెట్టి, తుప్పు పట్టని గుండుసూదులు అర అంగుళానికొకటి గుచ్చాలి. మ్యాటీ గుడ్డకున్న గళ్ళ వరసే కొలబద్ద. ఒక అంచు వెంట వరస సూటిగా ఉంటే ఎదురుగా ఉన్న అంచు వెంట కూడా సూటిగా ఉండాలి. మూలల్ని లాగి సరిచేయడానికి గుడ్డ తడిగా ఉన్న సమయమే అనువైనది. వంకరగా ఉన్న గుడ్డను గట్టిపరిస్తే ఆ వంకరే శాశ్వతమవుతుంది. ఇస్త్రీ అవసరమైతే మందపాటి టవలు మీద కుట్టు ముఖాన్ని కిందికి తిప్పి వెనకవైపు నుంచి చేయాలి. అప్పుడు దారాలు టవలు నూగులోకి దిగి అణగకుండా ఉంటాయి. ముడికుట్లు, గొలుసుకుట్లు ఉన్న ఎంబ్రాయిడరీకి ఇది మరీ ముఖ్యం.

గంజి

పాతదీ చవకైనదీ గంజి. తెలుగు ఇళ్ళలో దీని గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. నేతగాళ్ళు పడుగుకు గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. మగ్గం మీద పోగులు రాపిడికి తెగకుండా కాపాడేది ఆ పూతే. నూలు చీరలకు, ఖద్దరు చొక్కాలకు ఇంట్లో పెట్టే గంజీ అదే పదార్థం. బియ్యం, మొక్కజొన్న, కర్రపెండలం, గోధుమ దేనిదైనా పిండిపదార్థం చన్నీళ్ళలో కరగదు. చిన్న చిన్న రేణువులుగా అడుగున పేరుకుంటుంది. వేడిచేస్తే సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి పగులుతాయి, లోపలి పొడవైన అణువులు నీళ్ళలోకి వస్తాయి. గుడ్డ ఆరినప్పుడు ఆ అణువులే నూలుపోగుల చుట్టూ పలచని పొరగా గట్టిపడి, పక్కపక్క పోగుల్ని ఒకదానికొకటి అతికిస్తాయి. ఉడకని పిండి కలిపిన నీళ్ళు బిరుసు ఇవ్వకుండా గుడ్డ మీద తెల్లటి పొడి రాల్చడానికి కారణం ఇదే.

ఇంట్లో దొరికే మూడు రకాల గంజికీ తేడా ఉంది. అన్నం వార్చిన గంజిని వాడేటట్టయితే అందులో ఉప్పు ఉండకూడదు. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, గుడ్డ ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. మెతుకు నలుసు ఒక్కటి మిగిలినా ఆరాక కుట్టు మీద పొలుసులా కనిపిస్తుంది కాబట్టి పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. కుక్కర్లో వండే ఇళ్ళలో వార్చే గంజి ఉండదు. అక్కడ ఒక చెంచా బియ్యప్పిండిని కొద్ది చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసు నీళ్ళలో పోస్తూ తిప్పితే సరిపోతుంది. మొక్కజొన్న పిండి, అంటే బజారులో దొరికే కార్న్‌ఫ్లోర్, ఇదే పద్ధతిలో తేలిగ్గా ఉడుకుతుంది. అయితే దాని పొర కాస్త మసకగా ఆరుతుంది. తెల్ల గుడ్డ మీద తెలియదు గాని నలుపు, ముదురు నీలం గుడ్డల మీద బూడిదరంగు ఛాయ వదులుతుంది.

రంగు గుడ్డలకు అన్నిటికన్నా మేలైనది సగ్గుబియ్యం గంజి. సగ్గుబియ్యాన్ని కర్రపెండలం దుంప పిండితో చేస్తారు. ఆంధ్రలో సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల మిల్లులు దీనికి పేరుపడ్డాయి. కర్రపెండలం పిండిలో కొవ్వు, మాంసకృత్తులు మొక్కజొన్నలో కంటే చాలా తక్కువ. అందుకే దాని గంజి తేటగా ఉడికి, తేటగానే ఆరుతుంది. రెండు చెంచాల సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్ళలో గింజలు పూర్తిగా కరిగేవరకూ ఉడికించి వడకడితే గంజి సిద్ధమవుతుంది.

ఎంత చిక్కగా ఉండాలన్నది వస్తువును బట్టి ఉంటుంది. టేబుల్ మీది గుడ్డకు గ్లాసు నీళ్ళకు చిన్న చెంచా పిండి చాలు. వేలాడే బొమ్మకు పెద్ద చెంచాడు పడుతుంది. ఒకేసారి చిక్కటి గంజి పూస్తే అది పోగుల్లోకి ఇంకదు, పైపైనే ఆరి వంచినప్పుడు పెచ్చులుగా లేస్తుంది. పలచటి గంజిని మూడుసార్లు, మధ్యలో పూర్తిగా ఆరనిస్తూ పట్టించడమే సరైన దారి. కుట్టు తక్కువగా ఉన్న గుడ్డను గంజిలో ముంచి తీయవచ్చు. దట్టమైన క్రాస్ స్టిచ్‌కు మాత్రం వెనకవైపు నుంచి స్పాంజితోనో వెడల్పు బ్రష్షుతోనో అద్దాలి. గంజి గోరువెచ్చగా ఉన్నప్పుడు పోగుల్లోకి బాగా దిగుతుంది, చల్లారితే బంక కట్టి పైనే నిలుస్తుంది. పట్టించాక మళ్ళీ సూదులు గుచ్చి నీడలో ఆరబెట్టాలి. కాస్త చెమ్మ ఉండగా పైన పలచటి నూలుగుడ్డ కప్పి ఇస్త్రీ చేస్తే బిరుసు పెరుగుతుంది. గంజిగుడ్డ నేరుగా ఇస్త్రీపెట్టెకు తగిలితే పిండి మాడి అడుగుకు అంటుకుంటుంది.

కుట్టుపనిలో గంజికి పాత చరిత్రే ఉంది. యూరప్‌లో 16వ శతాబ్దపు చిత్రపటాల్లో మెడ చుట్టూ విసనకర్రలా విచ్చుకుని కనిపించే తెల్లటి మడతల పట్టీలు గంజి బలంతోనే నిలబడేవి. ఆ విద్య నేర్పడానికి 1564లో డింగెన్ వాన్ డెర్ ప్లాసే అనే ఫ్లాండర్స్ మహిళ లండన్ వచ్చి, రుసుము తీసుకుని శిక్షణ ఇచ్చినట్టు నాటి చరిత్రకారులు నమోదు చేశారు. జపాన్ సంప్రదాయ పట్టు ఎంబ్రాయిడరీలో పని పూర్తవగానే, గుడ్డ ఇంకా చట్రం మీద బిగించి ఉండగానే, వెనకవైపు పలచటి గోధుమపిండి గంజి రుద్ది ఆవిరి పట్టిస్తారు. లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ నీడిల్‌వర్క్ తరఫున 1880లో వెలువడిన ఎంబ్రాయిడరీ పాఠ్యపుస్తకంలో ఇలాంటి లేపనం తయారీ ఉంది. గోధుమపిండిలో కొద్దిగా గుగ్గిలం పొడి, ఒక చెంచాడు లవంగ సారం వేసి ఉడికించాలన్నది దాని సారాంశం. లవంగాన్ని వేసింది వాసన కోసం కాదు, గంజి బూజు పట్టకుండా ఉండడం కోసం.

గంజికి ఉన్న పెద్ద బలహీనతా అదే. అది ఆహారపదార్థం. బొద్దింకలు, సిల్వర్ ఫిష్ పురుగులు దాని కోసం గుడ్డను కొరుకుతాయి. వానాకాలంలో బూజు పడుతుంది. సముద్రతీర ఊళ్ళలో గాలితేమకు బిరుసు సడలి, నిటారుగా నిలిచిన వస్తువు వాలిపోతుంది. పుస్తకాల బైండింగుకు వాడే మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం చాలామందికి తెలిసిందే. ఆ పద్ధతిని కుట్టుపనికి తేకూడదు. మైలుతుత్తం విషం, పైగా గుడ్డకు ఆకుపచ్చ మరక వేస్తుంది. గంజి పెట్టిన కుట్టుపనిని వాడుకలో ఉంచాలి, లేదా గంజి వదిలేలా ఉతికి దాచాలి. నూలు చీరలను బీరువాలో చాలాకాలం దాచేముందు ఇళ్ళలో గంజి తీసేయడం ఇందుకే. ఈ లోపాలన్నీ ఉన్నా గంజికి ఒక మంచి గుణం ఉంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే అది వచ్చిన దారినే పోతుంది. పాత వస్త్రాలను సంరక్షించే నిపుణులు ఈనాటికీ గోధుమ గంజిని నమ్మడానికి కారణం ఇదే.

చక్కెర పాకంతో గట్టిపరిచే పద్ధతి క్రోషే అల్లకాలకు ఎక్కువగా వాడతారు. చక్కెరను నీళ్ళలో కరిగేదాకా వేడిచేసి, అల్లకాన్ని ముంచి, బోర్లించిన గిన్నె మీద పరిచి ఆరబెడితే అది గిన్నె ఆకారంలోనే గట్టిపడుతుంది. చీమలున్న చోట, ఉక్కపోతలో ఇది నిలవదు. ఎంబ్రాయిడరీకి బంకబంకగా మారుతుంది కాబట్టి దీన్ని వదిలేయడమే మంచిది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం క్రోషే లేసు లాంటి చేతి అల్లకాలకు పలచటి గంజి, గుండుసూదులు, ఓపిక ఉంటే చాలు.

తెల్ల జిగురు

చెక్కపనికి వాడే ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ నీళ్ళలో అతి సన్నని బొట్లుగా తేలే ద్రవం. నీళ్ళు ఆరిపోగానే ఆ బొట్లు ఒకదానిలో ఒకటి కలిసి పారదర్శకమైన పొర అవుతాయి. పాలలా తెల్లగా ఉన్నది అద్దంలా మారితే పూర్తిగా ఆరినట్టు లెక్క. జిగురు, నీళ్ళు సమపాళ్ళలో కలిపితే అట్టలాంటి గట్టిదనం వస్తుంది. ఒక పాలు జిగురుకు మూడు పాళ్ళు నీళ్ళయితే గుడ్డ వంగుతుంది గాని ముడతపడదు. ముందుగా అదే గుడ్డ కత్తిరింపు మీద కొన్ని కుట్లు వేసి, పూసి ఆరబెట్టి చూసుకుంటే పాళ్ళు తేలతాయి.

దీని అసలు ఉపయోగం అంచుల దగ్గర తెలుస్తుంది. మ్యాటీ గుడ్డను కత్తిరిస్తే పోగులు వెంటనే ఊడతాయి. వెనకవైపు జిగురు పూసి ఆరనిచ్చాక, కుట్టుకు రెండు గళ్ళ దూరంలో కత్తిరించినా పోగు కదలదు. నక్షత్రం, చిలుక, మామిడిపిందె లాంటి ఆకారాల్లో కత్తిరించి వేలాడదీసే బొమ్మలకు, చెవిదిద్దులకు అందుకే దీన్ని ఎంచుకుంటారు. పూసేటప్పుడు గుడ్డ కింద ప్లాస్టిక్ షీటు ఉండాలి. వార్తాపత్రిక వేస్తే కాగితం అతుక్కుంటుంది, అచ్చుసిరా గుడ్డకు దిగుతుంది. బ్రష్షును దాదాపు పొడిగా ఉంచి, పలచని పూతలు వేయాలి. ఎక్కువైతే గుడ్డ చిల్లుల గుండా జిగురు ముందువైపుకు పాకుతుంది. నూలుదారపు మెరుపు దాని సన్నని పీచులు విడివిడిగా ఉన్నంతవరకే. జిగురులో తడిసి అవి ఒకటైపోతే మెరుపు చచ్చి, రంగు ముదురుగా, తడిసినట్టుగా కనిపిస్తుంది. దాన్ని సరిచేసే మార్గం లేదు.

ఎండలు మండే ఊళ్ళలో ఇంకొకటి తెలుసుకోవాలి. పాలీవినైల్ ఎసిటేట్ గది వేడి దాటిన కొద్ది డిగ్రీలకే మెత్తబడే పదార్థం. 40 డిగ్రీలు దాటే మే నెలలో జిగురు పూసిన ముక్కల్ని ఒకదానిపై ఒకటి పేర్చి పెడితే అతుక్కుపోతాయి. మధ్యలో వెన్నకాగితం పెట్టాలి. పైగా ఈ జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా ఆమ్లం వదులుతుంది, పసుపెక్కుతుంది. గుడ్డల కోసమే అమ్మే యాక్రిలిక్ ద్రావణాలు పసుపెక్కడం తక్కువ, పొర కూడా తేటగా ఉంటుంది. కాని అవీ ఒకసారి ఆరితే నీళ్ళకు రావు. అంచులకు గోళ్ళరంగు పూసే అలవాటు కొందరికి ఉంది. అది పెళుసై పగిలి, పచ్చబడుతుంది కాబట్టి మానుకోవడం మేలు.

మగ్గం వర్క్‌లో జిగురుది వేరే పాత్ర. ఆరీ సూదితో వేసే గొలుసుకుట్టులో చివరి ముడి జారితే కుట్టంతా లాగినట్టు ఊడి వస్తుంది. అందుకే పని పూర్తయ్యాక, గుడ్డ చట్రం మీద ఉండగానే, వెనకవైపు దారపు కొసలకు పలచటి జిగురు అద్దుతారు. అక్కడ కావలసింది గట్టిదనం కాదు, ముడులకు కాపు. జాకెట్టు మెడకు, చేతులకు జిగురు ధారాళంగా పూస్తే ఆ చోటు ఒంటికి గుచ్చుకుంటుంది, మడతపడిన చోట విరుగుతుంది. జర్దోసీ స్ప్రింగుల్లోకి జిగురు దిగితే మెరుపు పోతుంది. కొసలున్న చోట చుక్క చుక్కగా పెట్టడమే పనితనం.

బక్రం, క్యాన్వాస్

కాలరుకు దర్జీ లోపల పెట్టే బక్రమే కుట్టుపనికి వెనక దన్నుగా పనికొస్తుంది. ఇస్త్రీతో అతికే రకాలకు ఒక ముఖం మీద చేతికి గరుకుగా తగిలే, వెలుగులో మెరిసే చుక్కలుంటాయి. అవి వేడికి కరిగి, చల్లారితే పట్టే జిగురు. నేసిన నూలు బక్రం గట్టిగా, బరువుగా ఉంటుంది. నేత లేకుండా పీచును ఒత్తి చేసిన పేపర్ క్యాన్వాస్ తేలిక. నూలు బక్రం ఉతికితే కుంచించుకుపోతుంది. కుట్టిన గుడ్డ కుంచించుకోకపోతే రెండింటి మధ్య బుడగలు లేస్తాయి. వాడకముందే బక్రాన్ని వేడి లేని నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది.

అతికించడంలో సాధారణంగా జరిగే తప్పు ఇస్త్రీపెట్టెను బట్టల మీద జరిపినట్టు జరపడం. అలా చేస్తే కరుగుతున్న జిగురు మీద బక్రం జారి గళ్ళ వరస వంకరపోతుంది. టవలు మీద కుట్టు ముఖం కిందికి పెట్టి, గరుకు ముఖం గుడ్డకు ఆనేలా బక్రం పరిచి, పైన నూలుగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెను ఒకచోట పది పన్నెండు సెకన్లు అదిమి పట్టి, ఎత్తి పక్కకు పెట్టాలి. నడుమ నుంచి అంచులకు వెళ్ళాలి. పూర్తిగా చల్లారేవరకూ గుడ్డను కదపకూడదు, ఎందుకంటే పట్టు వచ్చేది చల్లారేటప్పుడే. కుట్టు వెనక దారాలు అడ్డదిడ్డంగా పోయి ఉంటే, ముడులు ఉబ్బెత్తుగా ఉంటే జిగురు ఎత్తైన చోట్లనే అంటుతుంది, పల్లాలు వదిలేస్తుంది. ఖాళీ గుడ్డ వెనకగా లాగిన ముదురు దారం ముందువైపుకు నీడలా కనిపిస్తుంది. వెనక శుభ్రంగా కుట్టాలని పెద్దవాళ్ళు పట్టుబట్టడం చాదస్తం కాదు.

రెండు ముఖాలకూ జిగురుండే పలచటి షీటు మరో సౌకర్యం. కుట్టిన ముక్కకు, ఫెల్టు గుడ్డకు నడుమ దాన్ని పెట్టి ఇస్త్రీ చేస్తే మూడూ ఒకటవుతాయి. వెనక భాగం దాగిపోతుంది, అంచు తెగ్గొట్టినట్టు వస్తుంది, ముందువైపు దారానికి ఏ పూతా తగలదు. గుర్తుపట్టీలకు, తాళంచెవుల బిళ్ళలకు ఇది చాలా నప్పుతుంది. ప్లాస్టిక్ పూసలు, చమ్కీలు, ప్లాస్టిక్ పొరతో చేసిన మెరుపు దారాలు ఉన్న పనికి మాత్రం ఇస్త్రీ పనికిరాదు. చమ్కీ ముడుచుకుపోతుంది, జరీ నల్లబడవచ్చు. వాటికి బక్రాన్ని అంచుల వెంట సూదితోనే కుట్టుకోవాలి.

అట్ట మీద బిగింపు

గోడకు పెట్టే బొమ్మకు ఇంతకు ముందు చెప్పిన గంజి, జిగురు, బక్రం ఏవీ అక్కర్లేదు. అట్టకు గుడ్డను దారంతో బిగించి కడితే గుడ్డ మెత్తగానే ఉంటుంది, బిగువు అట్టనుంచి వస్తుంది. జిగురు, టేపు ఏదీ లేని ఈ పద్ధతి నిదానంగా సాగుతుంది. అయినా శ్రమించి కుట్టిన పనికి దీనికి మించిన భద్రత ఇంకోటి లేదు. అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి. మామూలు బూడిదరంగు అట్టలో మిగిలిపోయిన కలప పదార్థం ఏళ్ళమీద ఆమ్లంగా మారి గుడ్డకు గోధుమరంగు మరక వేస్తుంది. ఫ్రేములు కట్టే దుకాణాల్లో ఆమ్లరహితమైన మౌంట్ బోర్డు అడిగి తీసుకోవచ్చు. అది దొరకకపోతే మామూలు అట్టకు ఉతికిన తెల్ల నూలుగుడ్డ రెండు మడతలు చుట్టడం కొంత నయం.

గుడ్డ అట్టకంటే నాలుగువైపులా రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. రెండింటికీ నడిమి గీతలు గుర్తుపెట్టి కలపాలి. అట్ట మందంలోకి గుండుసూదులు దింపుతూ, ప్రతివైపూ నడుమ మొదలుపెట్టి మూలల వైపు పోవాలి. ఒక వైపు రెండు సూదులు గుచ్చితే ఎదురువైపు రెండు గుచ్చాలి. గళ్ళ వరస అట్ట అంచు వెంట ఒకే గీతలో నడుస్తోందా అని చూసుకోవడానికి ఇదే సమయం, ఎన్నిసార్లయినా సూదులు తీసి గుచ్చవచ్చు. తర్వాత బొమ్మను బోర్లించి, కాజాలు కుట్టే లాంటి గట్టి దారాన్ని తెంపకుండా ఒక అంచు నుంచి ఎదురు అంచుకు, అక్కడి నుంచి మళ్ళీ ఇటుకు, నులకమంచం అల్లినట్టు లాగుతూ పోవాలి. పొడవు అంచులు ముందు, పొట్టి అంచులు తర్వాత. చివరిదాకా వచ్చాక మొదటి నుంచి దారాన్ని ఒక్కో వరసా బిగిస్తూ వచ్చి అప్పుడు ముడి వేయాలి. మూలల్లో గుడ్డను ఉత్తరం కవరులా మడిచి నాలుగు కుట్లతో పట్టించాలి. వెనక ముడులు ఉబ్బెత్తుగా ఉంటే అట్టకు గుడ్డకు నడుమ పలచటి దూది పొర వేస్తే ముందువైపు నున్నగా కనిపిస్తుంది.

దుకాణాల్లో తొందరకు వాడే రెండువైపులా అంటే టేపు కొన్నేళ్ళకు పట్టు వదిలి, దాని బంక గుడ్డలోకి దిగి గోధుమరంగు పట్టీలు మిగులుస్తుంది. ఫ్రేము కట్టించేటప్పుడు దారంతో బిగించి ఇచ్చిన పనిని అలాగే వాడమని ముందే చెప్పుకోవాలి. అద్దం గుడ్డను తాకకూడదు. వానాకాలంలో అద్దం లోపలివైపు పట్టే చెమ్మ నేరుగా దారాల్లోకి దిగుతుంది. చుట్టూ మౌంట్ అంచు పెట్టించినా, సన్నని చెక్కపట్టీలు పెట్టించినా ఆ ఎడం ఏర్పడుతుంది.

అసలు గట్టిగా ఉండే వస్తువునే కుట్టాలనుకునేవాళ్ళు మొదటినుంచీ గుడ్డను మానేయవచ్చు. అంగుళానికి 7, 10, 14 చిల్లులుండే ప్లాస్టిక్ క్యాన్వాస్ మీద కుట్టి కత్తిరిస్తే అంచు ఊడదు. పెట్టెలు, టీ గ్లాసు కింద బిళ్ళలు వాటంతట అవే నిలబడతాయి. చిల్లుల కాగితం మీద క్రాస్ స్టిచ్ 19వ శతాబ్దంలో గుర్తుపట్టీలకు, గోడ సూక్తులకు విపరీతంగా వాడుకలో ఉండేది. దానిపై కుట్టేటప్పుడు దారం గట్టిగా లాగితే చిల్లు చిరుగుతుంది, తప్పు కుట్టు విప్పడమూ కష్టమే.

గట్టిపరచిన పాత పనిని తిరిగి మెత్తపరచాల్సిన అవసరం ఒక్కోసారి వస్తుంది. రంగు నిలిచే దారమని తేలాక గంజి పనిని గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, నీళ్ళు జారుడు తగ్గేవరకూ మార్చాలి. ఇస్త్రీ బక్రాన్ని మళ్ళీ వేడిచేసి, వేడి ఉండగానే ఒక మూలనుంచి మెల్లగా లాగితే ఊడుతుంది గాని జిగురు చుక్కలు కొన్ని గుడ్డమీదే మిగులుతాయి. తెల్ల జిగురు పూసినదాన్ని నానబెడితే పొర తెల్లబడి మెత్తబడుతుంది తప్ప పోగుల్లోంచి పూర్తిగా రాదు, గీకితే దారం తెగుతుంది. అమ్మమ్మల కాలం నాటి కుట్టుపని చేతికి వచ్చినప్పుడు, ఏ దారమో ఏ రంగో తెలియనప్పుడు, దాన్ని ఉతకకుండా, ఏదీ పూయకుండా, నూలుగుడ్డ చుట్టిన అట్టమీద అంచుల వెంట సన్నటి సూదితో అక్కడక్కడా కుట్టి నిలపాలి. ఆ కుట్లు పాత గుడ్డ పోగుల మధ్య సందుల్లోంచి పోవాలి, పోగుల్ని చీల్చుకుని కాదు.